ఎన్‌డీఏనా, ఏఎఫ్‌క్యాటా: ఎయిర్‌ మార్షల్‌ కలకు ఏ దారి?

ఎయిర్‌ మార్షల్‌ అంటే వైమానిక దళంలో పై ర్యాంకుల్లో ఒకటి. ఎన్‌డీఏ (నేషనల్‌ డిఫెన్స్‌ అకాడమీ) ఇంటర్‌తో వెళ్లే దారి, ఏఎఫ్‌క్యాట్‌ (వైమానిక దళ ప్రవేశ పరీక్ష) డిగ్రీతో వెళ్లే దారి. రెండు దారులూ హైదరాబాద్‌ పక్కన దుండిగల్‌ ఎయిర్‌ ఫోర్స్‌ అకాడమీలోనే కలుస్తాయి. అసలు తేడా ఆ తర్వాతే తెలుస్తుంది.

వయసు: ఎన్‌డీఏకు పదహారున్నర నుంచి పంతొమ్మిదున్నర. ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి. ఏఎఫ్‌క్యాట్‌ ఫ్లయింగ్‌ (పైలట్‌) విభాగానికి డిగ్రీతో 20 నుంచి 24. కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సుంటే 26.

పరీక్ష: ఎన్‌డీఏలో లెక్కలకు 300, జీఏటీకి (జనరల్‌ ఎబిలిటీ టెస్ట్‌) 600 మార్కులు. ఏఎఫ్‌క్యాట్‌ 100 ప్రశ్నలు, ఒప్పుకు 3, తప్పుకు మైనస్‌ 1. గుడ్డిగా గుర్తు పెడితే మునుగుతారు.

ఉద్యోగం: అసలు తేడా ఇదే. ఎన్‌డీఏ నుంచి వస్తే పర్మనెంట్‌ కమిషన్‌, అంటే రిటైరయ్యే దాకా కొలువు. ఏఎఫ్‌క్యాట్‌ ఫ్లయింగ్‌ 14 ఏళ్ల షార్ట్‌ సర్వీస్‌, పెన్షన్‌ లేదు. వింగ్‌ కమాండర్‌ ర్యాంకుకే 13 ఏళ్లు పడుతుంది. దాని పై ర్యాంకు గ్రూప్‌ కెప్టెన్‌ నుంచి పైకి ఎంపిక మీదే. అంటే ఏఎఫ్‌క్యాట్‌తో వస్తే మెట్లెక్కే వేళకు మీ గడువు ముగుస్తుంది.

ప్రమాదం: రెండింటికీ ఒకటే. రాత పరీక్ష తర్వాత జరిగే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలోని కంప్యూటర్‌ పైలట్‌ పరీక్షలో ఒక్కసారి ఫెయిలైతే ఫ్లయింగ్‌కు మళ్లీ అవకాశం లేదు. 'ఊరికే రాసొద్దాం' అని వెళ్లకండి.

ఇంటర్‌ పిల్లలు ఎన్‌డీఏ వదులుకోవద్దు. డిగ్రీ అయినవారికి ఎయిర్‌ మార్షల్‌ లక్ష్యమైతే ముందు పర్మనెంట్‌ కమిషన్‌ ఇచ్చే సీడీఎస్‌ (కంబైన్డ్‌ డిఫెన్స్‌ సర్వీసెస్‌) పరీక్ష రాయాలి. నలభై లోపు ఎయిర్‌లైన్స్‌కు మారాలనుకుంటే ఏఎఫ్‌క్యాటే నయం.