తొమ్మిదేళ్లు, ఒకే కామ్‌షాఫ్టు: 2010 కార్వెట్‌తో నా అనుభవం

2015 చివర్లో, 31,000 మైళ్లు తిరిగిన 2010 షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారు కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్. తొమ్మిదేళ్లు తిరిగేసరికి మీటరు 1,04,000 దాటింది. డాలస్ ఎండలో ఆఫీసుకీ, హ్యూస్టన్‌లో చుట్టాలింటికీ, ఏడాదికోసారి ట్రాక్ మీదకీ ఇదే బండి. సీట్ల గురించీ రంగు గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇంజన్ సంగతే రాస్తాను, ఎందుకంటే ఇన్నేళ్లూ మా గరాజ్‌లో గొడవంతా దాని మీదే.

గొడవ పడేది నా కాలేజీ స్నేహితుడితో. ఇద్దరం కాకినాడలో మెకానికల్ చదివి, ఇక్కడికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్లమే. వాడిది 2011 మస్టాంగ్ జీటీ. దాని 5 లీటర్ల కొయోట్ ఇంజన్‌కి నాలుగు కామ్‌షాఫ్టులు (తిరుగుతూ వాల్వుల్ని తెరిపించే కడ్డీలు), 32 వాల్వులు (గాలి లోపలికీ పొగ బయటికీ పోయే తలుపులు), 412 హార్స్‌పవర్. నా కార్వెట్‌లోని ఎల్‌ఎస్3 ఇంజన్ 6.2 లీటర్లు, కామ్‌షాఫ్టు ఒక్కటే, 16 వాల్వులు, 430 హార్స్‌పవర్. లీటరుకి లెక్కేస్తే వాడికి 82, నాకు 69. "ఏరా, లీటరు పైన ఎక్కువ పెట్టుకుని నువ్వు సంపాదించింది పద్దెనిమిది గుర్రాలా?" అని వాడి పాట.

లీటరుకి ఎంత అన్న లెక్క నాకు మొదట్నుంచీ నచ్చదు. సీసీ చూసి పన్ను వేసే దేశాల్లో దానికో అర్థముంది. కారు లోపల ఇంజన్ పట్టాల్సింది మాత్రం బానెట్ కింద, పన్ను పట్టికలో కాదు. రెండు ఇంజన్లనీ బయటపెట్టి టేపుతో కొలిస్తే, లీటర్లు తక్కువున్న కొయోటే ఎక్కువ వెడల్పు. ప్రతి సిలిండర్ హెడ్ మీదా రెండేసి కామ్‌షాఫ్టులు కూర్చుంటే తల పెరగక ఏమవుతుంది? నా దాంట్లో ఆ ఒక్క కామ్‌షాఫ్టూ రెండు వరసల సిలిండర్లు చేసే వీ ఆకారం మధ్యలో, బ్లాకు లోపలే ఉంటుంది. అక్కడి నుంచి పుష్‌రాడ్లు పైకి తోస్తే రాకర్లు వాల్వుల్ని తెరుస్తాయి. అందుకే ఇంజన్ కిందకి, ముందు చక్రాల వెనక్కి సర్దుకుంది. గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గరుంది. బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగం. మలుపుల్లో నాకు పనికొచ్చేది ఇదీ, లీటరు లెక్క కాదు.

పుష్‌రాడ్ అంటే ఏంటో నాకు కాలేజీ కంటే ముందు నాన్న బుల్లెట్ నేర్పింది. ఆదివారం పొద్దున్నే ట్యాపెట్ కవర్ విప్పి, కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కి పిస్టన్‌ని పైకి తెచ్చి, పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో తిప్పి చూసేవారు. వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. బిగువుగా ఉంటే నట్టు వెంట్రుకవాసి వదలాలి. ట్యాపెట్లు సెట్ చెయ్యడమంటే అదే. నా వేళ్లకి అది అర్థం కావడానికి రెండు వేసవి సెలవులు పట్టింది.

ఇక నడపడం. నాకు ఈ ఇంజన్ మీద ప్రేమ పుట్టింది వేగంతో కాదు, సోమరితనంతో. మూడో గేర్‌లో 1,500 ఆర్‌పీఎం దగ్గర కాలు మోపినా గొణక్కుండా లాగుతుంది. ఆరో గేర్‌లో 70 మైళ్ల వేగానికి ముల్లు 1,500 దగ్గరే నిద్రపోతుంటుంది. హ్యూస్టన్ దారిలో గ్యాలన్‌కి 27, 28 మైళ్లు నేనే చాలాసార్లు లెక్క కట్టుకున్నాను, అంటే లీటరుకి దాదాపు 12 కిలోమీటర్లు. ఊళ్లో ట్రాఫిక్‌లో సగానికి కాస్త పైన, ఆ ఆశ పెట్టుకోకండి. ఒక అలవాటు మాత్రం నేర్చుకోవాలి: ఇంజన్ వేడెక్కాక మరీ మెత్తగా నడిపితే గేర్ రాడ్ ఒకటి నుంచి నేరుగా నాలుగుకే వెళ్తుంది. పెట్రోలు పొదుపు లెక్కల కోసం పెట్టిన ఏర్పాటిది. ఒకటో గేర్‌లో యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కితే రెండు మామూలుగానే పడుతుంది.

క్రెసన్ ట్రాక్‌లో ఒకసారి తాళాలు మార్చుకున్నాం. ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. కొయోట్ 5,000 దాటాక అప్పుడే నిద్రలేచినట్టుంటుంది, 7,000 దాకా ఊపిరాడకుండా పాడుతుంది. నాది 6,600 దగ్గర ఆగిపోతుంది, ఆ చివరి ఐదారు వందల్లో పెద్ద సరదా కూడా లేదు. పుష్‌రాడ్లూ రాకర్లూ కలిపి కదిలే బరువెక్కువ, స్ప్రింగులు అంత వేగానికి అన్నిటినీ పట్టి ఉంచాలి మరి. సిలిండర్‌కి రెండే వాల్వులతో గాలి పీల్చడానికీ హద్దుంటుంది. ఆ రోజు దిగాక వాడి ముఖం చూడలేకపోయాను.

షెవర్లేకి ఈ సంగతి తెలీదా అంటే, బాగా తెలుసు. 1990 కార్వెట్ జెడ్‌ఆర్-1 కోసం బ్రిటిష్ కార్ల కంపెనీ లోటస్‌తో కలిసి నాలుగు కామ్‌ల ఎల్‌టీ5 చేశారు, మొదట్లో 375 హార్స్‌పవర్. 1995తో దాన్ని ఆపేసి, 1997లో మళ్లీ పుష్‌రాడ్ ఎల్‌ఎస్1నే తెచ్చారు. 1955 నాటి తొలి స్మాల్‌బ్లాక్‌లో (షెవర్లే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ల వంశానికి ఆ పేరు) పక్కపక్క సిలిండర్ల నడిమి కొలత 4.4 అంగుళాలు, నా ఇంజన్‌లోనూ అంతే. పట్టుదలంటే అది. కానీ 2023 కార్వెట్ జెడ్06లో ఎల్‌టీ6 వచ్చింది: 5.5 లీటర్లు, నాలుగు కామ్‌లు, 8,600 ఆర్‌పీఎం దాకా, 670 హార్స్‌పవర్. ఆ వార్త చూసిన రోజు నా స్నేహితుడు పొద్దున్న ఆరింటికే ఫోన్ చేశాడు.

మెయింటెనెన్స్ గురించి రెండు ముక్కలు. ఒకసారి రోడ్డు పక్కన షాపులో ఆయిల్ మార్పిస్తే క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) ఎక్కువ పోసి పంపారు. అప్పట్నుంచి నేనే మార్చుకుంటున్నాను. ముందు బంపర్ కింద ఖాళీ చాలా తక్కువ, ర్యాంప్‌కి ముందు చెక్క పలకలు పేర్చుకుంటేనే ఎక్కుతుంది. ప్లగ్గులు లక్ష మైళ్లకి మార్చాను. టైర్లే నా జేబుకి అసలు చిల్లు.

కిందటేడు నాన్న వచ్చారు. బానెట్ ఎత్తి చూపించాను. కనపడేది ప్లాస్టిక్ కవర్లే కాబట్టి చాలాసేపు ఏమీ అనలేదు.

"ఒరేయ్, ఎనిమిది సిలిండర్లకీ ట్యాపెట్లు ఎవరు సెట్ చేస్తార్రా?"

"ఎవరూ చెయ్యరు నాన్నా. పుష్‌రాడ్ల కింద ఉండే లిఫ్టర్లలో ఆయిల్ ప్రెషరే సందు పూడ్చేస్తుంది."

నమ్మలేదు. స్టార్ట్ చెయ్యమని, పక్కన నిలబడి చెవి ఒగ్గి విన్నారు. "రెండోసారి చెయ్యి" అన్నారు.