ప్లాంట్‌విలేజ్ నూరు: కర్రపెండలం తెగుళ్లు గుర్తుపట్టే ఆప్

తూర్పు ఆఫ్రికా కర్రపెండలం రైతులకు ఇప్పుడున్న మంచి ఉచిత సాధనాల్లో ఇదొకటి. నూరు అంటే స్వాహిలీలో వెలుగు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ తయారుచేసింది. ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేని చేలోనూ పనిచేస్తుంది, అసలు గొప్పంతా అక్కడే.

ఆకుకి కెమెరా చూపిస్తే మొజాయిక్ తెగులా, బ్రౌన్ స్ట్రీకా, పచ్చనల్లి దెబ్బా చెబుతుంది. కానీ ఒక్క ఆకు చూపించి నమ్మేయకండి. 2020లో వెలువడిన పరీక్షల్లో ఒక్క ఆకుతో 65 శాతమే సరిగ్గా చెప్పింది, మొక్కకి ఆరు ఆకులు చూపిస్తే 74-88 శాతానికి చేరింది. మొజాయిక్ లేత ఆకుల్ని వంకర తిప్పుతుంది. బ్రౌన్ స్ట్రీక్ మాత్రం కింది ముదురు ఆకుల్లో ఈనెల వెంట పసుపుగా పాకుతుంది. అందుకే పైవీ కిందివీ రెండూ చూపించాలి.

పెద్ద లోటు ఒకటుంది: దుంప దానికి కనపడదు. బ్రౌన్ స్ట్రీక్ పట్టినా ఆకు ఒక్కోసారి నవనవలాడుతూనే ఉంటుంది. దుంప కోస్తే మాత్రం తెల్లటి కండలో గోధుమరంగు కుళ్లు మచ్చలు! కాబట్టి నాటడానికి విత్తనపు కర్రలు కొట్టేముందు, మొక్క బాగుందని ఆప్ చెప్పినా సరే, నాలుగైదు మొక్కలు పీకి దుంపలు కోసి చూడాలి. మొజాయిక్, బ్రౌన్ స్ట్రీక్ రెండూ వైరస్ తెగుళ్లే, వాటికి మందు లేదు. తెల్లదోమతో పాటు రోగపు కర్రలే వాటిని కొత్త చేలకి మోస్తాయి. తెగులు మొక్కని లేతగా ఉన్నప్పుడే పీకేయాలి.