శ్రీకాకుళంలో డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొంటున్నారా? ముందు వాట్లు అడగండి

మాది శ్రీకాకుళంలో చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఇదే పని. ఈమధ్య షాపు సిస్టమ్‌కి ఏపీసీ బీఎక్స్1100సీ యూపీఎస్ తీసుకున్నాను. బాగుంది, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. అలాగని అందరికీ ఇదే కొనమని చెప్పను. చాలామందికి ఇందులో సగం సైజుది సరిపోతుంది, కొందరికి ఇది కూడా చాలదు. ఎవరికి ఎంత కావాలన్నది కౌంటర్ దగ్గర ఎవరూ విడమరచి చెప్పడం లేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

షాపుకెళ్లి యూపీఎస్ అనగానే "ఆరొందలదా, పదకొండొందలదా?" అని అడుగుతారు. ఆ అంకె వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్లు. మన సిస్టమ్ తినేది వాట్లు. బాక్సు తిప్పి స్టిక్కరు చూస్తే చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది: 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లే, 1100 వీఏ అంటే 660 వాట్లు. నేను వెళ్లిన ఒక షాపులో కుర్రాణ్ణి "దీనికి వాట్లెంత బాబూ?" అనడిగితే "ఆరొందలేనండీ, పైన రాసుంది కదా" అన్నాడు. వెనక స్టిక్కరు మీద 360 అని ఉంది. నిజంగా 450 వాట్లు తినే సిస్టమ్ ఉన్నవాళ్లు ఆ మాట నమ్మి తీసుకెళ్తే కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది, దాంతోపాటు సిస్టమ్ కూడా.

మన సిస్టమ్ ఎంత తింటుందో ఎలా తెలుస్తుంది అంటే, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) మీద రాసిన 450, 550 లాంటి అంకె చూసి కంగారు పడొద్దు, అది దాని గరిష్ఠ సామర్థ్యం. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని మామూలు ఆఫీసు సిస్టమ్, ఎల్ఈడీ మానిటర్, ఫైబర్ రూటర్ మూడూ కలిపినా సుమారు 100 నుంచి 120 వాట్ల దగ్గర ఉంటాయి. టైపింగు, బిల్లింగు, పిల్లల చదువు వరకైతే 600 వీఏ హాయిగా మోస్తుంది. గేములకో వీడియో ఎడిటింగుకో కార్డు పెట్టించుకున్నవాళ్ల లెక్క వేరు: ఆర్టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్ల కార్డు, దానికి ప్రాసెసరు, మానిటరు కలిస్తే 360 అంచుకి వచ్చేస్తాం. వాళ్లు 1100కి తక్కువ చూడనే వద్దు.

మరి నాది మామూలు సిస్టమే కదా, పెద్దది ఎందుకంటే టైము కోసం. 600 వీఏ వాటిలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. గుణిస్తే 84 వాట్ అవర్లు, కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఈ రకం బ్యాటరీ అంత ఇవ్వదు, బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చడంలో కొంత పోతుంది, చివరికి నాలాంటి సిస్టమ్ మీద పావుగంట, ఇరవై నిమిషాలు వస్తే గొప్ప. పెద్ద సైజు వాటిలో చాలావరకు అలాంటివి రెండు ఉంటాయి. నా దాని మీద సిస్టమ్, మానిటర్, రూటర్ కలిపి అరగంట దాటి నడుస్తున్నాయి. వైశాఖంలో పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని "మా మావయ్యగారి పేరు పైకి పెట్టండి, చి.ల.సౌ. కిందికి దించండి" అని ప్రూఫు చూస్తున్నప్పుడు ఆ అరగంట విలువేంటో నాకు తెలుసు. సేవ్ చేసి మూసేయడానికే అయితే ఐదు నిమిషాలు చాలు, డబ్బులు మిగుల్చుకోండి.

మన దగ్గర కరెంటు పూర్తిగా పోవడం ఒక్కటే సమస్య కాదు. ఎండాకాలం సాయంత్రం వీధిలో అందరూ ఏసీలు వేసేసరికి లైట్లు డిమ్ అవుతాయి, ఈదురుగాలి కొడితే కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అందుకే లైన్ ఇంటరాక్టివ్ అని, ఏవీఆర్ (వోల్టేజీని దానంతటదే సర్దే ఏర్పాటు) ఉందని రాసి ఉన్నదే తీసుకోండి. వోల్టేజీ కొంత పడిపోయినా బ్యాటరీ వాడకుండానే లోపలి ట్రాన్స్‌ఫార్మరుతో సర్దేస్తుంది. నా దాంట్లో సాయంత్రం పూట 'టక్' మని రిలే శబ్దం వినిపిస్తుంది, స్క్రీన్ మీద చిన్న కదలిక కూడా ఉండదు. ఇది లేని చవకరకం ప్రతి డిమ్‌కీ బ్యాటరీ మీదికి దూకుతుంది, ఆ బ్యాటరీ తొందరగా చస్తుంది.

నా యూపీఎస్ లోటు కూడా చెప్పాలి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇది ఇచ్చేది గోడ సాకెట్‌లో వచ్చేలాంటి నున్నటి, అసలైన సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే వేవ్. సాదా ఎస్ఎంపీఎస్‌కి ఇబ్బంది లేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా లాగేలా చేసే సర్క్యూట్) ఉన్న ఖరీదైన ఎస్ఎంపీఎస్‌లు కొన్ని ఈ వేవ్‌కి ఒప్పుకోక ఆగిపోతాయి. మీ సిస్టమ్‌లో 80 ప్లస్ గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గుర్తు) లాంటి ఎస్ఎంపీఎస్ ఉంటే క్యాబినెట్ షాపుకి మోసుకెళ్లైనా సరే, అక్కడే కరెంటు ఆపించి చూసుకుని కొనండి, లేదా ప్యూర్ సైన్ వేవ్ మోడల్‌కి వెళ్లండి.

లేజర్ ప్రింటరు మాత్రం ఏ సైజు ఇంటి యూపీఎస్‌కీ పెట్టొద్దు. లోపల టోనరుని కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, వెయ్యి దాటేవీ ఉన్నాయి. ఇంకు ట్యాంకు ప్రింటరు పెట్టుకోవచ్చు. టేబుల్ ఫ్యాను, ఫోన్ ఛార్జర్ల గుత్తి వద్దు.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ఇంకా యూపీఎస్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటి చోట యూపీఎస్ దేనికీ పనికిరాదు, గంటల లెక్క కావాలంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరే గతి. కాకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారేటప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందంటే ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, చాలామందికి దానితోనే సరిపోతుంది. ఇన్వర్టర్ తర్వాత యూపీఎస్ పెట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి: పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ కరెంటుని యూపీఎస్ నమ్మదు, మాటిమాటికీ సొంత బ్యాటరీకి మారిపోయి దాన్ని ఖాళీ చేసుకుంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ గొడవ లేదు.

ఎర్తింగు గురించి అయితే బతిమాలి చెబుతున్నాను. అద్దె షాపుల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, ఎర్తు తీగ ఉండదు. క్యాబినెట్ మీద చెయ్యేస్తే జివ్వుమంటోందా, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. మీటరు పెట్టి చూస్తే ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. అది లేకపోతే పిడుగుల రోజున యూపీఎస్‌లో ఉన్న సర్జ్ ప్రొటెక్షన్ (ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీ నుంచి కాపాడే ఏర్పాటు) పూర్తిగా పనిచేయదు.

కొనేటప్పుడు బాక్సు మీద తయారైన నెల తప్పకుండా చూడండి. ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగు లేకుండా గోడౌన్‌లో ఏడాది పడుంటే సీలు తీయకముందే సగం పోయి ఉంటాయి. డిస్కౌంటు ఎక్కువ ఇస్తున్నారంటే ముందు ఆ తేదీనే చూడండి. ఇంటికి తెచ్చాక రాత్రంతా ఛార్జి పెట్టి, మర్నాడు పనేమీ తెరవకుండా గోడ దగ్గర స్విచ్ ఆపి చూడండి. ప్లగ్ లాగేయొద్దు, ఎర్తు కూడా తెగిపోతుంది.

బ్యాటరీ రెండు మూడేళ్లు వస్తుంది. టేబుల్ కింద గాలాడని మూల తోసేస్తే అంతకూడా రాదు, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. అప్పుడు యూపీఎస్ మొత్తం మార్చమని చెప్పేవాళ్లు దొరుకుతారు, వినొద్దు. మన తిరుపతి అమరరాజా వాళ్ల అమరాన్ క్వాంటాలోనూ, ఎక్సైడ్‌లోనూ 12 వోల్టుల 7 ఏహెచ్ దొరుకుతుంది, కంప్యూటర్ రిపేరు షాపులో ఎవరైనా మార్చేస్తారు. రెండు బ్యాటరీలున్న యూపీఎస్‌లో రెండూ ఒకేసారి మార్పించండి, పాతదానికి కొత్తది జత చేస్తే కొత్తది కూడా త్వరగా పోతుంది. తీసిన పాతవి అక్కడే ఇచ్చేస్తే బిల్లులో ఎంతో కొంత తగ్గిస్తారు, ఆ మాట డబ్బులిచ్చే ముందే అడగండి.