కాపరి మారే వేళ: తాత్కాలిక కాపరా, స్థిర కాపరా?

1936లో ఒడిశాలో చేరిన పర్లాకిమిడి వైపు, తెలుగు, ఒడియా, సవర కుటుంబాలు కలిసి ఆరాధించే క్రైస్తవ సంఘాలకు కాపరి (పాస్టరు) బదిలీ అయిన ప్రతిసారీ ఈ ప్రశ్న తప్పదు.

ఖర్చు: తాత్కాలిక కాపరికి దారిఖర్చులు, గౌరవ వేతనం చాలు; స్థిర కాపరికి జీతంతో పాటు ఇల్లూ చూడాలి.

శ్రమ: మొదటి పద్ధతిలో రోగుల పరామర్శ, ఇంటి ప్రార్థనలు, సండే స్కూలు సంఘ పెద్దల మీదే పడతాయి.

ముప్పు: అసలు ఆలోచించవలసింది ఇక్కడే. తొందరపడి పిలిచిన స్థిర కాపరికి తెలుగు తప్ప మరేదీ రాకపోతే, ప్రసంగాన్ని ఒక్కో వాక్యమే ఆపి ఆపి తర్జుమా చేయవలసి వస్తుంది. ప్రభురాత్రి భోజనం నాడు వెనుక వరుసలో కూర్చున్న సవర అవ్వతో ఆయన నేరుగా ఒక్క మాటైనా మాట్లాడలేరు. తాత్కాలిక ఏర్పాటు ఏళ్ల తరబడి సాగితే మాత్రం యువత చెదిరిపోతుంది.

పాత కాపరి దీర్ఘకాలం సేవచేసి వెళ్లినా, సంఘంలో వర్గాలున్నా, గడువు ముందే నిర్ణయించి తాత్కాలిక కాపరిని పిలవడమే మేలు. సంఘం ఏకమనస్సుతో ఉండి, ఒడియా కూడా తెలిసిన సేవకుడు దొరికితే స్థిర కాపరినే పిలవాలి.