నకాటా ఆదరణ కొలవాలంటే: గూగుల్ ట్రెండ్సా, వికీపీడియా పేజ్‌వ్యూసా?

జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు హిదెతోషి నకాటా 2006 ప్రపంచకప్ అవగానే 29 ఏళ్లకే ఆట మానేశాడు. ఆ కబురు చెప్పింది కూడా సొంత వెబ్‌సైట్‌లోనే. ఇప్పటికీ అతని కోసం ఎంత వెతుకులాట ఉందో చూడటానికి ఉచిత దారులు రెండు.

గూగుల్‌లో ఒక పేరు కోసం ఎంత వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ లెక్క 2004 నుంచి ఉంది. రిటైర్మెంట్ నాటి సందడి దొరుకుతుంది గానీ అతను ఇటలీ క్లబ్ పెరుజాకు ఆడిన రోజులు, తర్వాతి క్లబ్ రోమా లీగ్ గెలిచిన 2001 దొరకవు. పైగా అది ఇచ్చేది 0–100 స్కేలే, మనుషుల సంఖ్య కాదు. ఎంచుకున్న కాలంలో గరిష్ఠం 100, మిగతావన్నీ దాన్నిబట్టే. 2006 ప్రపంచకప్ నెలలు కలిపితే ఈ ఏడాది గీత చదునైపోవచ్చు. అప్పుడు కాలాన్ని 12 నెలలకు కుదించాలి. ఉత్త ‘నకాటా’ అని కొడితే కోజి నకాటా (అతనూ జపాన్ జట్టువాడే) కలిసిపోతాడు. సూచనల్లోంచి పూర్తి పేరున్న టాపిక్‌నే ఎంచుకోండి.

పేజ్‌వ్యూస్ అసలు సంఖ్యలే (వికీపీడియా పేజీని ఎన్నిసార్లు తెరిచారో) ఇస్తుంది, కాకపోతే 2015 జూలై నుంచే. భాషకో పేజీ, భాషకో లెక్క: ఇంగ్లిష్ ఒక్కటే చూస్తే జపాన్ పాఠకులు జారిపోతారు. ఏజెంట్ అనే ఆప్షన్ దగ్గర ‘యూజర్’ పెట్టకపోతే బాట్లూ (మనుషులు కాని ఆటోమేటిక్ ప్రోగ్రాములు) లెక్కలోకొస్తాయి.

షున్‌సుకే నకమురాతో (జపాన్ జట్టులో అతని సహచరుడు) పోల్చడానికి పేజ్‌వ్యూసే నయం. నకమురా 2022 దాకా ఆడాడు గనక ఆ ఏడాది వార్తల పొంగు పక్కనపెట్టి చూడాలి.