బక్కచిక్కిన పిల్లలకు ఏది మేలు: పలాస జీడిపప్పా, వేరుశనగ గుళ్లా?

ఆఫ్రికాలో తిండి లేక బక్కచిక్కిపోతున్న పిల్లల ఫొటోలు చూసినప్పుడు పలాస చుట్టూ జీడితోటలున్న మన ఉద్దానం వాళ్లకు ఒక ఆలోచన వస్తుంది. ఇంత జీడిపప్పు మన దగ్గరుంది, దాన్నే ముద్దచేసి పంపితే పోలా? మనసు మంచిదే కానీ, లెక్కకు కూర్చుంటే నా ఓటు వేరుశనగకే.

ఆ పని వేరుశనగ ఇప్పటికే చేస్తోంది. 1996లో ఫ్రాన్సులో పిల్లల డాక్టరు ఆంద్రే బ్రియాఁ, న్యూట్రిసెట్ కంపెనీతో కలిసి 'ప్లంపీనట్' తయారుచేశారు. వేరుశనగ ముద్ద, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజాలు, అంతే. 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు కాబట్టి సూక్ష్మజీవులు పెరగవు, ఫ్రిజ్ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. తల్లి చించి నోట్లో పెడితే చాలు. ఆకలి ఉండి, వేరే జబ్బు ముదరని పిల్లలకు ఇలా ఇంట్లోనే వైద్యం చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2007లో చెప్పాయి.

ఇప్పుడు జీడిపప్పును దాని పక్కన పెట్టండి. వంద గ్రాముల్లో ప్రొటీన్ వేరుశనగలో సుమారు 25 గ్రాములు, జీడిపప్పులో 18. కొవ్వు రెండింటిలోనూ దండిగానే ఉంటుంది. జింకు, ఇనుములో జీడిపప్పుదే పైచేయి, అయితే ఖనిజాలు ముద్దలో ఎలాగూ విడిగా కలుపుతారు. ఇక ధర సంగతి పలాస వాళ్లకు చెప్పాలా! జీడిపిక్కను కాల్చి, చేతులు కాలకుండా నూనె రాసుకుని, పెంకు కొట్టి, పొర తీసి, గుండు, బద్ద, ముక్క వేరుచేసేసరికి ఎంత కూలి పడుతుందో వాళ్లకే తెలుసు. పైగా 2018లో తిత్లీ తుపానుకు కూలిన జీడిచెట్టు స్థానంలో కొత్తది కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. వేరుశనగ మూడున్నర నెలల పంట.

వేరుశనగకు ఒక్కటే పెద్ద తలనొప్పి, బూజు. గింజ ముదిరే వేళ వానలు మొహం చాటేసినా, పీకిన కాయ తడిమీదే కుప్పపడినా అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్లలకిచ్చే ముద్దలో ఇది మరీ ప్రమాదం కాబట్టి ఫ్యాక్టరీలు ప్రతి లాటూ పరీక్షిస్తాయి. రైతు వైపు నుంచి చేయగలిగింది బాగా ఎండబెట్టడం. కాయ ఊపితే గింజ గలగలమనాలి. ముడుచుకున్నవీ, పచ్చగా బూజు పట్టినవీ ఏరి పారేయాలి. గానుగకు తోసేస్తే, నూనె తీయగా మిగిలిన పిండి పశువులకు పోతుంది, విషం పాలలోకి వస్తుంది.

ఎక్కడ చేయాలన్నది ఇంకో ప్రశ్న. మలావీలో అమెరికన్ డాక్టరు మార్క్ మేనరీ అక్కడి వేరుశనగతోనే ముద్ద చేయించారు. రైతుకు బేరం, పిల్లాడికి తిండి. 2016లో అమెరికా తన మిగులు వేరుశనగ 500 టన్నులు హైతీకి పంపబోతే, అక్కడి రైతుల పొట్టకొడతారా అని సహాయ సంస్థలే అడ్డం తిరిగాయి. మనం పంపినా అదే గొడవ. అసలు పలాస ఫ్యాక్టరీలకే ఆఫ్రికా పిక్కలు దిగుతుంటే, ఆ పప్పునే ప్యాకెట్‌ చేసి వెనక్కి పంపడమేంటి?

మన అంగన్‌వాడీ పిల్లల విషయంలోనూ వేరుశనగ చిక్కీనే నయం, కాకపోతే గుడ్డూ పాలూ తోడుండాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లాడి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే చిక్కీతో సరిపెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకోటి, పసివాళ్ల చేతికి గుళ్లు విడిగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా దంచి, బెల్లంతో జావలో కలిపి పెట్టండి.