ఫొటోలకు కాపలా: రోబోట్స్ ఫైలుతో కొన్నేళ్లు

గూగుల్ ఫొటోల వెతుకులాటలో మా చీరలు కనబడకూడదు, చీరల గురించి రాసిన పేజీలు మాత్రం ఎప్పటిలాగే దొరకాలి. ఈ రెండూ ఒకేసారి సాధించిపెట్టింది రోబోట్స్ ఫైలు, అంటే సైటులో ఎక్కడికి రావద్దో గూగుల్ వంటివాటికి చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు (robots.txt). ఇన్నేళ్ల తర్వాత కూడా దాని మీద నాకు ఇష్టం తగ్గలేదు, నమ్మకం మాత్రం కొంత తగ్గింది.

మాది పోచంపల్లి ఇక్కత్ చీరల చిన్న వెబ్‌సైటు. గ్రాఫు కాగితం మీద డిజైను గీసి, ఆసు పోసి, నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచి, చీర మగ్గం దిగేసరికి ఇంటిల్లిపాదికీ వారాల తరబడి పని. అదే డిజైనును మిల్లు గుడ్డ మీద అచ్చు వేయాలనుకునేవారికి మాత్రం ఒక్క స్పష్టమైన ఫొటో చాలు. మా కొంగు డిజైను పాలిస్టర్ మీద అచ్చుపడి బజారులో కనబడిన రోజు మా అత్తయ్యకు అన్నం సహించలేదు. ఫొటోలు అందరి చేతికీ అంత సులువుగా చిక్కకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

సైట్లన్నీ తిరిగి సమాచారం పోగుచేసే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. గూగుల్ ఫొటోలు సేకరించే క్రాలర్‌కు గూగుల్‌బాట్-ఇమేజ్ అని వేరే పేరుంది. ఫైలులో ఆ పేరు రాసి, కింద ఫొటోల ఫోల్డరుకు డిస్అలౌ (రావద్దు అనే మాట) పెడితే చాలు. పేజీలను ఇలా ఆపితే వాటి చిరునామా ఒక్కోసారి ఫలితాల్లో వస్తూనే ఉంటుంది. ఫొటోల విషయంలో అలా కాదు, అవి నిజంగానే ఫలితాల నుంచి తొలగిపోతాయి. ఈ ఒక్క గుణం కోసమే దీన్ని ఎంతోమందికి చెప్పాను.

అంతా బాగానే సాగుతుండగా ఒక పాత కొనుగోలుదారు ఫోను చేశారు. ‘అమ్మా, మీ చిలకల కొంగు చీర గూగుల్‌లో చూశాను, రేటు ఎంత?’ అన్నారు. వెతికి చూస్తే ఒక్క చీర కాదు, ఆ ఏడాది డిజైన్లన్నీ వరుసగా ఉన్నాయి. మా ఫైలు ఉన్నచోటే ఉంది, అందులో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఫొటోల చిరునామా. పేజీలు వేగంగా తెరుచుకుంటాయని హోస్టింగ్ సంస్థ వాటిని తనంతట తానే వేరే సబ్‌డొమైన్‌కు, అంటే సైటు పేరుకు ముందు మరో పదం చేరిన వేరే చిరునామాకు, తరలించింది. మాకు మాటమాత్రమైనా చెప్పలేదు.

రోబోట్స్ ఫైలు అధికారం అది ఉన్న చిరునామా వరకే. పక్క సబ్‌డొమైన్‌కు దాని మాట చెల్లదు, అక్కడ మరో ఫైలు ఉండాలి. లేకపోతే అడ్డేమీ లేదనే క్రాలర్ అనుకుంటుంది. సర్వర్ లాగ్ (ఎవరొచ్చి ఏది అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) తెప్పించి చూస్తే అదే కనబడింది. గూగుల్‌బాట్-ఇమేజ్ కొత్త చిరునామాలో ముందు రోబోట్స్ ఫైలునే అడిగింది. జవాబు 404, అంటే అలాంటి ఫైలు లేదని. ఆ తర్వాత ఫొటో వెంట ఫొటో, అన్నింటికీ 200, అంటే అడిగింది ఇచ్చేశామని. క్రాలర్‌ను తప్పుపట్టలేను, అది మర్యాదగా అడిగే లోపలికి వచ్చింది. మా కడుపుమంటంతా అడగకుండా ఫొటోలను కదిలించినవారి మీదే.

ఆ చిరునామాలో ఫైలు పెట్టడం తమకు కుదరదని వారు తేల్చేశారు. చాలా వాదించాక, ప్రతి ఫొటోతో పాటు ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ అనే హెడర్‌లో (ఫొటోకు ముందు సర్వర్ పంపే సమాచారపు వరుసలో) నోఇండెక్స్, అంటే ఫలితాల్లో చూపవద్దనే మాట, పంపడానికి ఒప్పుకున్నారు. ఇది వేరే దారి. ఆ హెడర్‌ను చదవాలంటే క్రాలర్ ఫొటో దాకా రావాలి, అందుకే దీంతో పాటు డిస్అలౌ కూడా పెడితే హెడర్ వృథా. క్రాలర్ మళ్లీ వచ్చిన కొద్దీ ఫొటోలు మెల్లగా తొలగాయి. ఈలోగా సెర్చ్ కన్సోల్‌లోని (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే పేజీలోని) తొలగింపు సాధనం ఆదుకుంది, కానీ అది సుమారు ఆరు నెలల పాటు దాచే తాత్కాలిక ఏర్పాటే.

కాబట్టి ఇంతకుముందు నేను చెప్పిన మంచిమాటలకు కొంత చేర్చాలి. ఈ పద్ధతి 1994లో మార్టేన్ కోస్టర్ ప్రతిపాదించినప్పటి నుంచీ మాట వినేవారి కోసమే. 2022లో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే పత్రం కూడా ఇది ప్రవేశాన్ని నియంత్రించే ఏర్పాటు కాదని స్పష్టంగా చెబుతోంది. ఏఐ కంపెనీల సంగతి మరొకటి. ఏఐ కోసం సైట్లను వాడుకోవద్దని రోబోట్స్ ఫైలులో చెప్పడానికి జీపీటీబాట్ (ఓపెన్‌ఏఐది), గూగుల్-ఎక్స్‌టెండెడ్ (గూగుల్‌ది) వంటి పేర్లు 2023లో వచ్చాయి. మా పాత నియమం గూగుల్‌బాట్-ఇమేజ్‌కు మాత్రమే కాబట్టి, వీటిని మళ్లీ పేరుపేరునా చేర్చాల్సి వచ్చింది. కొనుగోలుదారులు ముచ్చటపడి పిన్‌టరెస్ట్‌లో దాచుకున్న ఫొటోల మీద మాత్రం మా ఫైలుకు ఏ హక్కూ లేదు.

మా చీరలు కొనేవారు ఎక్కువగా పాతవారే, వారు చెప్పగా వచ్చినవారే. అందుకే ఫొటోల వెతుకులాటను వదులుకున్నా మాకు పెద్ద నష్టం రాలేదు. గద్వాల చీరలు అమ్మే మా పిన్ని కొడుకు అడిగితే మాత్రం వద్దనే చెప్పాను, అతని దగ్గరికి కొత్తవారు వచ్చేదే ఆ ఫొటోలు చూసి. మేము పాత చిరునామాలో ఫైలునూ, కొత్త సబ్‌డొమైన్‌లో హెడర్‌నూ అలాగే ఉంచాం, సబ్‌డొమైన్ లాగ్ అప్పుడప్పుడు తెప్పించి చూస్తున్నాం. కొత్త డిజైన్ల పూర్తి ఫొటోలు మాత్రం ఇప్పుడు సైటులో పెట్టడం లేదు, అడిగినవారికి ఫోనులో పంపుతున్నాం.